జాగ్రత్త: ఏప్రిల్ మొదట్లో ఎల్లోస్టోన్ చూపిస్తామంటే డబ్బు కట్టకండి

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లం. దర్శనం టికెట్ల దళారుల బారిన పడవద్దని ఇంటికి వచ్చే చుట్టాలందరికీ చెబుతుంటాం. అలాంటి మేమే ఊళ్లోని ఒక ట్రావెల్స్ ఏజెంటును నమ్మి మోసపోయాం. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు ఉండేది సాల్ట్ లేక్ సిటీలో. 2025 మార్చిలో నేను, మా ఆవిడ వెళ్లాం. అల్లుడి చేత ఖర్చు పెట్టించడం ఇష్టం లేక, ఇక్కడే రూపాయల్లో కట్టి నలుగురికీ ఎల్లోస్టోన్ అనే జాతీయ పార్కు ప్యాకేజీ తీసుకున్నాను. అద్దె కారు, మూడు రాత్రులు హోటలు, పార్కు టికెట్లు అన్నీ అందులోనే. ఏప్రిల్ మొదటి వారమైతే రద్దీ ఉండదన్నాడు ఏజెంటు. ఆ ఒక్క మాట మాత్రం నిజం.

బయలుదేరే రెండు రోజుల ముందు చెబితే అల్లుడు, "ఇప్పుడు రోడ్లు తెరిచి ఉంటాయా మామయ్యా?" అన్నాడు. అన్నీ కనుక్కునే ఇచ్చారులే అన్నాను.

దాదాపు 500 కిలోమీటర్లు వెళ్లి పడమటి గేటు ముందు ఆగాం. మూసి ఉంది. రాత్రి ఘాట్ రోడ్డు మూశాక అలిపిరి దగ్గర ఆగిపోయినట్టు నిలబడ్డాం. అలిపిరిలో అయితే తెల్లవారేలోపు తెరుస్తారు, ఇక్కడ ఇంకా రెండు వారాలు ఆగాలి. మేము చూస్తుండగానే ఒకాయన గేటు పక్క నుంచి తాపీగా సైకిలు తొక్కుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో సైకిళ్లకు అనుమతి ఉందట, కార్లకు లేదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ అక్కడికి 50 కిలోమీటర్ల లోపే. సుమారు గంటన్నరకోసారి వేడినీళ్లు ఆకాశానికి ఎగజిమ్మే ఆ బుగ్గ బొమ్మ చూసే నేను డబ్బు కట్టింది!

"మంచు పడితే మేమేం చేస్తాం సార్" అన్నాడు ఏజెంటు ఫోనులో. ఇది అనుకోకుండా పడిన మంచు కాదు. లోపలి రోడ్లలో చాలావాటిని ఏటా నవంబరు మొదట్లోనే కార్లకు మూసేస్తారు. పడమటి గేటు మామూలుగా ఏప్రిల్ మూడో శుక్రవారం తెరుస్తారు. ఆ ఏడు అది 18వ తేదీ. దక్షిణపు గేటుకు మే రావాలి. ఏడాదంతా కార్లు తిరిగేది ఉత్తరాన గార్డినర్ నుంచి కుక్ సిటీ దాకా ఉన్న రోడ్డొక్కటే. పార్కు వెబ్‌సైటులో ఇవన్నీ తేదీలతో సహా ఉన్నాయి. చూడకుండా అమ్మాడో, చూసే అమ్మాడో ఆయనకే తెలియాలి.

హోటలు సంగతి మరీ విడ్డూరం. కాగితంలో "ఎల్లోస్టోన్ ప్రాంతం" అని ఉంది. తీరా చూస్తే ఐడహో ఫాల్స్‌లో, గేటుకు 170 కిలోమీటర్ల దూరాన. తిరుపతి నుంచి మద్రాసు కూడా అంత దూరం ఉండదు. కాబట్టి హోటలు ఉన్న ఊరి పేరు రాయించుకోండి. టికెట్టుకు తలకు, రోజుకు 35 డాలర్ల చొప్పున మూడు రోజులకు మొత్తం 420 తీసుకున్నాడు. అప్పట్లో ఆ 35 డాలర్లు కారుకంతటికీ, అదీ ఏడు రోజులకు! 2026 జనవరి నుంచి వార్షిక పాసు లేని విదేశీయులకు తలకు మరో 100 డాలర్లు అదనం, అది కూడా లెక్కలో ఉందేమో అడగండి.

మర్నాడు అల్లుడే చుట్టూ తిప్పి గార్డినర్ మీదుగా లోపలికి తీసుకెళ్లాడు. మామత్ దగ్గర పొగలు కక్కే తెల్లటి సున్నపు మెట్లు చూశాం. దారిలో ఒక అడవిదున్న రోడ్డుకు అడ్డంగా వచ్చి పది నిమిషాలు కదలలేదు. దాని గడ్డానికి మంచు ముద్దలు వేలాడుతున్నాయి. మా ఆవిడకు అదే నచ్చింది. పెట్రోలు, ఆ రాత్రి బస అల్లుడి జేబులోంచే.

రసీదు, వాట్సాప్ మాటలు అన్నీ దాచి పెట్టాను. వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. అది కూడా వేస్తాను.

మొన్న అటుగా వెళుతూ చూశాను. ఆ కార్యాలయం ముందు కొత్త బ్యానర్ కట్టి ఉంది. అదే బుగ్గ బొమ్మ, ప్రయాణం ఏప్రిల్ 3.