పుప్పిగోరా, సోరియాసిసా: ఏ పరీక్ష, ఏ వైద్యం మేలు?

గోరు పసుపుపచ్చగా మారి, మందమెక్కి, కొస నుంచి పైకి లేస్తుంటే చాలామంది పుప్పిగోరు, అంటే గోటికి పట్టిన ఫంగస్, అనుకుని ముందు ఫంగస్ మాత్రలు మొదలుపెడతారు. మూడు నెలలు మింగినా మార్పు ఉండదు, ఎందుకంటే అక్కడున్నది సోరియాసిస్, అంటే చర్మం, గోళ్లు పొలుసులు కట్టే జబ్బు. దీనికి తలకిందుల పొరపాటూ ఉంది: ఫంగస్ పట్టిన గోటికి స్టెరాయిడ్ రాస్తే అది మరింత లోపలికి పాకుతుంది. కాబట్టి మందు గురించి ఆలోచించే ముందు పరీక్ష సంగతి తేలాలి.

కంటితోనే కొంత తెలుస్తుంది. గుండుసూదితో పొడిచినట్టు ఎగుడుదిగుడు గుంతలు, గోటి కింద నూనె చుక్క పడ్డట్టు నారింజ రంగు మచ్చ, లేచిన భాగం చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తే సోరియాసిస్ వైపు మొగ్గాలి. డెర్మోస్కోప్‌లో (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దంలాంటి పరికరం) చూస్తే ఆ అంచు నునుపుగా ఉంటుంది. ఫంగస్‌లో అంచు రంపపు పళ్లలా ఉండి, గోటి మొదలు వైపు పొడవాటి చారలు సాగుతాయి. పుప్పిగోరు ఎక్కువగా కాలిగోళ్లకు వస్తుంది, వేళ్ల సందుల్లో చర్మం పొలుసులు ఊడుతుంటుంది. మాడు, చెవుల వెనుక, మోచేతులు, బొడ్డు, పిరుదుల మధ్య గాడి చూడకుండా గోటి పరీక్ష పూర్తయినట్టు కాదు. గోటికి దగ్గరి కణుపు వాచి, పొద్దున్నే బిగుసుకుపోతోందా అని కూడా అడగాలి. గోటి మూలం (గోరు పుట్టే చోటు) ఆ కణుపు దగ్గరి స్నాయువుతో కలిసే ఉంటుంది, అందుకే గోటి సోరియాసిస్ ఉన్నవారిలో కీళ్ల సోరియాసిస్ కోసం కాచుకుని ఉండాలి.

అయినా ఈ రెండూ ఒకే గోటిలో ఉండొచ్చు. సోరియాసిస్‌తో లేచిన గోటి కింద ఫంగస్ సులువుగా చేరుతుంది. పరీక్ష తప్పనిసరి కావడానికి అసలు కారణం ఇదే.

మూడు పరీక్షల్లో కేఓహెచ్ అన్నిటికన్నా త్వరగా తేలుతుంది. గోటి పొడిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తారు. అదే రోజు ఫలితం వస్తుంది గానీ చూసేవారి నేర్పు మీద ఆధారపడుతుంది, ఫంగస్ ఉన్నా లేదని రావడం మామూలే. కల్చర్‌కు, అంటే నమూనాలోని ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూడటానికి, మూడు నాలుగు వారాలు పడుతుంది. ఏ జాతి ఫంగసో చెప్పేది అదే, కానీ బతికున్న ఫంగస్ దొరక్కపోతే ఏమీ మొలవదు. కత్తిరించిన గోటి ముక్కకు పీఏఎస్ అనే రంగు వేసి చూసే పరీక్ష ఫంగస్‌ను అన్నిటికన్నా బాగా పట్టేస్తుంది, జాతి మాత్రం చెప్పదు. మా మాట: ఉందా లేదా తేల్చడానికి పీఏఎస్, అది లేనిచోట కేఓహెచ్. మందు పనిచేయనప్పుడు, మామూలు ఫంగస్ కాదేమోనన్న అనుమానం ఉన్నప్పుడు కల్చర్.

ఏ పరీక్షైనా నమూనా తీయడంలోనే ఎక్కువగా చెడుతుంది. కొసన రాలే పొడిలో ఉండేది చచ్చిన ఫంగసూ మట్టీ. లేచిన గోటిని వీలైనంత మొదలు దాకా కత్తిరించి, బాగున్న భాగం మొదలయ్యే చోట గోటి కింది పొడిని గీకి తీయాలి. పైపూత మందు కనీసం రెండు వారాల ముందు ఆపాలి.

ఫంగస్ అని తేలితే టెర్బినాఫిన్ మాత్ర రోజుకు 250 మి.గ్రా., చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు. మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించాలి. ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు కన్నా ఇదే మేలు. గుండె వైఫల్యం ఉన్నవారికి ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదు కూడా. కొస దగ్గర కొద్దిగా మాత్రమే పట్టినప్పుడు అమోరోల్ఫిన్ 5 శాతం పూత సరిపోతుంది.

సోరియాసిస్‌కు మందు ఎంచుకునేది అది గోటి మూలంలో ఉందా, గోటి కింది చర్మంలో ఉందా అన్నదాన్ని బట్టి. గుంతలు మూలం నుంచి వస్తాయి. గోరు లేవడం, నూనె మచ్చ, కింద పొలుసులు పేరుకోవడం కింది చర్మానివి. కింది చర్మానికి క్లోబెటాసాల్ (స్టెరాయిడ్), కాల్సిపోట్రియాల్ (విటమిన్ డి తరహా మందు) పూతలు పనిచేస్తాయి, లేచిన గోటిని కత్తిరించి నేరుగా ఆ చర్మం మీద రాస్తేనే. గోటి మీద రాస్తే మందు లోపలికి దిగదు. స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే వేలికొస చర్మం పలచబడుతుంది.

మూలంలో ఉన్నప్పుడు, అదీ మూడు గోళ్లకు మించనప్పుడు, గోటి మొదలు మడతలోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మేలు. మి.లీ.కు 2.5 నుంచి 10 మి.గ్రా. బలంలో, ఒక్కో చోట 0.1 మి.లీ. నొప్పి బాగా ఉంటుంది, ముందే చెప్పి ఆ వేలికి మత్తు ఇవ్వాలి. గోళ్లు ఎక్కువైతే, కీళ్ల నొప్పులుంటే ఇంజెక్షన్లతో కాలం వృథా చేయకుండా మెథోట్రెక్సేట్ మాత్రలకో, బయోలాజిక్ మందులకో (రోగనిరోధక వ్యవస్థలోని ఒక్కో భాగాన్ని అణచే ఇంజెక్షన్లు) వెళ్లాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, చీటీ మీద ఆ రోజు పేరు రాయించుకోవాలి. గర్భిణులకు అసలు పనికిరాదు. బయోలాజిక్స్‌కు ముందు క్షయ పరీక్ష చేయాలి.

రెండూ ఉంటే ముందు ఫంగస్‌ను తుదముట్టించి, మిగిలింది ఎంతో చూసి సోరియాసిస్ మందు మొదలుపెట్టడం మంచిది. ఏ మందైనా సరే, పిన్నులతో గోటి కింద గీకడం మానాలి. దెబ్బ తగిలినచోటే సోరియాసిస్ మళ్లీ లేస్తుంది.

చేతిగోరు నెలకు సుమారు 3 మి.మీ., కాలిగోరు 1 మి.మీ. పెరుగుతాయి. కాబట్టి నెలకే తీర్పు చెప్పకూడదు. బాగున్న గోరు ఎక్కడ ఆగుతోందో అక్కడ చిన్న గీత గీసి ఫొటో తీసుకోండి. మూడు నెలలకు గీతతో పాటు పాడైన భాగమూ కొస వైపు జరిగి, వెనక గోరు శుభ్రంగా వస్తుంటే మందు పనిచేస్తున్నట్టే. పాడైన భాగం గీత దాటి వెనక్కి వస్తే పరీక్ష మళ్లీ చేయించాలి.