ఫెట్ సర్క్యూట్ కిట్: ఆన్‌లైన్ భౌతికశాస్త్ర తరగతికి ఎంతవరకు పనికొస్తుంది?

ఆన్‌లైన్‌లో భౌతికశాస్త్రం చెప్పేవారిని అన్నిటికంటే ఎక్కువగా బాధించేది నిశ్శబ్దం. హాజరు నిండుగానే ఉంటుంది, పేర్లన్నీ తెర మీద కనిపిస్తూనే ఉంటాయి, కానీ ప్రశ్న వేస్తే ఒక్క మైకూ తెరుచుకోదు. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యుత్ పాఠాలకు రెండు సెమిస్టర్లుగా నేను ఫెట్ (PhET) సిమ్యులేషన్లలోని, అంటే ప్రయోగాలను తెర మీద అనుకరించే ప్రోగ్రాముల్లోని, సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్‌ను వాడుతున్నాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

2001లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి అందుకున్న కార్ల్ వీమన్, 2002లో బోల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ ప్రాజెక్టును ప్రారంభించారు. సిమ్యులేషన్లు ఉచితం, విద్యార్థి ఖాతా తెరవనక్కరలేదు, ఈ కిట్ ఫోన్ బ్రౌజరులోనూ నడుస్తుంది. తీగలు, బ్యాటరీలు, బల్బులు, స్విచ్‌లు, మీటర్లు ఒక పక్కన, మిగిలినదంతా ఖాళీ స్థలం. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కంటికి కనిపిస్తుంది; నిజమైన ప్రయోగశాల బల్ల మీద అది ఎన్నటికీ సాధ్యం కాదు. బ్యాటరీ రెండు కొనలనూ తీగతో నేరుగా కలిపితే మంటలు లేస్తాయి. మొదటి రోజు దాదాపు అందరూ చేసే పని అదే, చేయనివ్వడమే మంచిది.

మొదటి సెమిస్టర్‌లో నేను చేసిన పొరపాటు, ఏ తీగ ఎక్కడ కలపాలో అంచెలంచెలుగా రాసి ఇవ్వడం. అందరూ పూర్తి చేశారు, ఎవరూ మాట్లాడలేదు. రెండో సెమిస్టర్‌లో సూచనలు తీసేసి ఒకే ప్రశ్న ఇచ్చాను: ఒకే రకం బల్బులు మూడు, మొదటిది శ్రేణిలో, మిగిలిన రెండూ దాని తరువాత ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి, మూడో బల్బును తీసేస్తే మొదటి బల్బు కాంతి ఏమవుతుంది? కిట్ ముట్టుకోకముందే ప్రతి ఒక్కరూ జవాబు రాసి పంపాలి. కరెంటు ముందుగా మొదటి బల్బు గుండానే వెళ్తుంది కాబట్టి అందులో మార్పు ఉండదని ఎక్కువమంది రాశారు. సర్క్యూట్ కట్టి చూస్తే మొత్తం నిరోధం పెరగడం వల్ల మొదటి బల్బు మసకబారింది, రెండోది మరింత వెలిగింది. తాము రాసినది తప్పని కళ్లారా చూశాక మైకులు వాటంతట అవే తెరుచుకున్నాయి. ఎందుకలా జరిగిందన్న వాదన తరగతి సమయం దాటి సాగింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

లోపాలూ చెప్పాలి. ఈ కిట్‌లో వదులు కనెక్షన్లు ఉండవు, ఒకే సర్క్యూట్‌ను ఎన్నిసార్లు కట్టినా మీటరు ఒకే అంకె చూపిస్తుంది. కాబట్టి కొలత దోషాలను దీనితో నేర్పలేం. అందుకు ఫెట్‌లోనే ఉన్న లోలకం సిమ్యులేషన్ మేలు: అందులో స్టాప్‌వాచ్‌ను చేత్తో నొక్కి, గురుత్వం తెలియని 'ప్లానెట్ ఎక్స్' మీద దాని విలువ కనుక్కోమంటే ఒక్కొక్కరికీ కొంచెం తేడాగా వస్తుంది, ఆ తేడా గురించే మాట్లాడవచ్చు. పై తరగతుల ఎలక్ట్రానిక్స్‌కు ఈ కిట్ చాలదు.

మరో ఇబ్బంది, ఉచిత కిట్‌లో విద్యార్థి ఏం చేశాడో అధ్యాపకుడికి కనిపించకపోవడం. అందుకని ప్రతి వారం తమ ఊహ తప్పిన సర్క్యూట్ ఒకదాని స్క్రీన్‌షాట్, కారణం చెప్పే రెండు వాక్యాలు పంపమంటున్నాను. తరువాతి తరగతిని వాటిలోంచి ఎంచుకున్న ఒక సర్క్యూట్‌తోనే మొదలుపెడుతున్నాను.