రిమోట్ డెస్క్‌టాప్ తెగిపోతుంటే: అప్‌డేట్ తీసేయాలా, యూడీపీ ఆపాలా?

మైక్రోసాఫ్ట్ నెలనెలా రెండో మంగళవారం విండోస్‌కు ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వదులుతుంది. మన మెషీన్లలోకి అవి దిగేసరికి బుధవారం. ఇక అక్కణ్నుంచి ఒకటే ప్రశ్న: "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే నా మెషీన్ నుంచే ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ను తెరిచి వాడే పద్ధతిలో, క్లయింట్ కంపెనీ సర్వర్‌లోకి వెళ్లిన కాసేపటికే తెగిపోతోంది. అప్‌డేట్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యమంటారా, యూడీపీ ఆపమంటారా?"

నేనైతే యూడీపీ ఆపుతాను. నెట్‌వర్క్ మీద డేటా పంపే రెండు పద్ధతుల్లో ఇదొకటి, రెండోది టీసీపీ; యూడీపీ ఆపితే రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీ మీద నడుస్తుంది. ఏది చేసే ముందైనా ఒకటి చూసుకోండి: ఎంతసేపటికి తెగుతోంది? నా లెక్కలో తేల్చేది ఇదే.

ప్రతిసారీ ఇంచుమించు ఒకే సమయానికి, ఒక నిమిషం దాటగానే పోతుంటే అనుమానించాల్సింది యూడీపీనే. 2025 మొదట్లో జరిగింది అచ్చంగా ఇది. జనవరి 2025 ప్రివ్యూ అప్‌డేట్ (కావాలంటేనే ముందుగా వేసుకునేది) పడిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ సర్వర్ 2016కి గానీ అంతకంటే పాతవాటికి గానీ యూడీపీ మీద కనెక్ట్ అయితే 65 సెకన్లకు సెషన్ తెగిపోయేది. మార్చి సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత ఫిర్యాదులు బాగా పెరిగాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల పాత సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది నేరుగా తగిలింది. కొత్త ల్యాప్‌టాప్, పాత సర్వర్ అన్న జోడీ మన దగ్గర మామూలే కదా.

అలా కాకుండా పదిహేను, ఇరవై నిమిషాలు ఖాళీగా వదిలేస్తేనే పోతుంటే అది సర్వర్ మీద పెట్టిన ఐడిల్ టైమవుట్ (వాడకపోతే సెషన్‌ను తెంపే గడువు) కావచ్చు. ఒక లెక్కంటూ లేకుండా పోతుంటే ముందు వైఫైనీ వీపీఎన్‌నీ చూడండి. ఈ రెండు సందర్భాల్లోనూ అప్‌డేట్ మీద నెపం వేసి తీసేస్తే దక్కేదేమీ ఉండదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఫుల్‌స్క్రీన్‌లో పైన కనిపించే నీలం పట్టీ మీద సిగ్నల్ గుర్తు నొక్కండి. యూడీపీ ఎనేబుల్ అయి ఉంటే అక్కడే రాసి ఉంటుంది. ఆ మాట లేదంటే మీ కనెక్షన్ ఇప్పటికే టీసీపీ మీద నడుస్తోందని అర్థం. అలాంటప్పుడు యూడీపీ ఆపినా ఒరిగేదేమీ లేదు.

ఇక అప్‌డేట్ తీసేయడం సంగతి. చాలామందికి మొదట తట్టేది ఇదే, పని చేస్తుంది కూడా. చిక్కల్లా విండోస్ అప్‌డేట్ క్యుములేటివ్, అంటే అన్ని మార్పులూ కలిపి ఒకే మూటగా వచ్చేది, కావడంతోనే. రిమోట్ డెస్క్‌టాప్‌ను చెడగొట్టిన ముక్క ఒక్కదాన్నే విడిగా పీకలేం. ఆ నెల సెక్యూరిటీ ప్యాచ్‌లన్నీ దాంతోపాటే పోతాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే ఇది. అదీ వేరొకరి సర్వర్లలోకి రోజూ వెళ్లే మెషీన్ మీద! పోనీ తీసేశాక నిశ్చింతగా ఉండొచ్చా అంటే, సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను పాజ్ చేసి పెట్టుకోకపోతే అదే అప్‌డేట్ మళ్లీ దిగుతుంది.

యూడీపీ ఆపితే పోయేది ఇంతకంటే చాలా తక్కువ. రిమోట్ డెస్క్‌టాప్‌కు యూడీపీ విండోస్ 8 కాలంలో వచ్చింది, అంతకుముందు బండి నడిచిందంతా టీసీపీ మీదే. ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలో తప్పిపోయే లైన్ మీద టీసీపీ కాస్త ఈడుస్తుంది. రిమోట్ మెషీన్‌లో వీడియో చూసినా, టీమ్స్ కాల్ మాట్లాడినా ఆ తేడా తెలుస్తుంది. క్వెరీలు రాసుకోవడానికి, లాగ్‌లు చూడటానికి, సర్వీస్ రీస్టార్ట్ చేయడానికి టీసీపీ సరిపోతుంది. గ్రాఫిక్స్ పనివాళ్లకు మాత్రం నా సలహా అంతగా నచ్చకపోవచ్చు.

ఆపడం సులువే. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, దాని లోపల రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్ వరకూ వెళ్లి 'టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్' ఎనేబుల్ చేయండి. తర్వాత సెషన్ మూసి మళ్లీ తెరిచి, ఇందాకటి సిగ్నల్ గుర్తు నొక్కి చూసుకోండి. హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ ఉండదు, అదే పాలసీ విలువను రిజిస్ట్రీలో పెట్టుకోవాలి. ఏ దారైనా అడ్మిన్ హక్కులు తప్పవు. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లకు టికెట్ వేయండి, టికెట్‌లో ఈ పాలసీ పేరే రాయండి. ఊరికే "తెగిపోతోంది" అని రాస్తే రీస్టార్ట్ చేయమనే జవాబొస్తుంది.

మూడో దారిని ఎవరూ అడగరు గానీ అసలు మందు అదే: వెనక్కి వెళ్లకుండా తర్వాతి అప్‌డేట్ వేసుకోవడం. పైన చెప్పిన 65 సెకన్ల గొడవను మైక్రోసాఫ్ట్ ముందు నోన్ ఇష్యూ రోల్‌బ్యాక్‌తో (చెడిన మార్పును మాత్రం తానే వెనక్కి తీసుకునే ఏర్పాటు) అదుపు చేసి, 2025 మార్చి 27న వచ్చిన కేబీ5053656 అనే అప్‌డేట్‌తో సరిచేసింది. అప్పట్లో అప్‌డేట్ తీసేసి పాజ్ పెట్టుకున్నవాళ్లకు ఆ మందు కూడా ఆలస్యంగానే అందింది. యూడీపీ ఆపి కూర్చున్నవాళ్లకు మాత్రం అది తర్వాతి నెలవారీ అప్‌డేట్‌తో దానంతటదే దిగింది.

ఇదే పని చేసే వేరే యాప్‌లు ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సంగతి: ఇంట్లో అమ్మానాన్నల కంప్యూటర్ చూడటానికి సరే. క్లయింట్ సర్వర్ మీద అనుమతి లేకుండా పెడితే ఉద్యోగానికే ఎసరు.

తెగిపోకుండా సెషన్ అలాగే ఉండి, మౌస్, కీబోర్డ్ మాత్రం బిగుసుకుపోతే అది వేరే కథ. ఫిబ్రవరి 2025 అప్‌డేట్ తర్వాత విండోస్ సర్వర్ 2025లో ఇలాగే జరిగింది. అక్కడ ప్యాచ్ పడాల్సింది సర్వర్ మీద. మీ ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకుండా, సర్వర్ చూసుకునేవాళ్లకు ఫోన్ చేయండి.