విశాఖకు విమానం: ఓర్వకల్లు నుంచా, శంషాబాద్ నుంచా?

కర్నూలు నుంచి విశాఖపట్నం వెళ్లేవారికి తరచూ ఎదురయ్యే సందేహమిది.

గగనమార్గం: ఓర్వకల్లు నుంచి సుమారు 580 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి సుమారు 510.

ప్రయాణ సమయం: 2021 మార్చి 28న ఓర్వకల్లులో సర్వీసులు మొదలైంది ఏటీఆర్ విమానాలతో, ప్రొపెల్లర్లతో నడిచే ఆ విమానాల వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కలే కనుక ప్రయాణం గంటన్నర దాటుతుంది. శంషాబాద్ జెట్ విమానం సుమారు గంటంబావులో చేరుస్తుంది. అయితే ఆ కాస్త తేడాను చూసి నిర్ణయించుకోకూడదు. ఓర్వకల్లు విమానాశ్రయం నంద్యాల రోడ్డులో సుమారు 20 కిలోమీటర్లే కాగా, శంషాబాద్‌కు 44వ జాతీయ రహదారిపై దాదాపు 190 కిలోమీటర్లు, అంటే మూడు గంటల దారి.

ఖర్చు: శంషాబాద్ టికెట్ చౌకగా కనిపించినా కారు బాడుగ, టోల్ కలిపి లెక్కచూడాలి.

ఇబ్బంది: ఓర్వకల్లులో విమానం రద్దయితే ఆ రోజుకు మరొకటి దొరకడం కష్టం. శంషాబాద్ నుంచి రోజూ పలు విమానాలున్నాయి.

వృద్ధులు, పసిపిల్లలు వెంట ఉంటే, ఆ రోజు సర్వీసు ఉందని చూసుకుని ఓర్వకల్లు నుంచే వెళ్లడం మేలు. తప్పిపోకూడని ఇంటర్వ్యూ లేదా ఆసుపత్రి పని ఉన్నవారికి మాత్రం శంషాబాదే తగినది.