కెల్లీ గొప్పదా, కొసాక్ గొప్పదా?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ డిస్ట్రాయర్ల (వేగంగా పరుగెత్తే చిన్న యుద్ధనౌకల) మాట వస్తే ముందు వినబడే పేరు హెచ్ఎంఎస్ కెల్లీ. తర్వాత మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చిన మౌంట్‌బాటెన్ అప్పట్లో దాని కెప్టెన్. ఆ ఓడ కథ ఆధారంగా 1942లోనే సినిమా కూడా తీశారు. కానీ యుద్ధంలో చేసిన పనిని చూసి ఒకదాన్ని ఎంచుకోమంటే నా ఓటు హెచ్ఎంఎస్ కొసాక్‌కే.

ముందు ఆయుధాల సంగతి. ట్రైబల్ తరగతికి (ఒకే నమూనాలో కట్టిన ఓడల వరుసకు) చెందిన కొసాక్‌లో 4.7 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, టార్పెడో గొట్టాలు నాలుగు. కె తరగతి కెల్లీలో ఫిరంగులు ఆరే అయినా గొట్టాలు పది. పెద్ద ఓడ ఎదురైతే కెల్లీకే బలం ఎక్కువ. ఫిరంగుల్లో మాత్రం రెండింటికీ ఒకటే లోపం: 40 డిగ్రీలకు మించి పైకి లేవవు. నెత్తి మీద నుంచి నిట్టనిలువుగా దూకే బాంబర్‌ను వాటితో కొట్టడం అసాధ్యం.

కెల్లీ తిన్నన్ని దెబ్బలు తిని నిలబడ్డ ఓడలు తక్కువ. 1939 డిసెంబరులో మైన్ పేలింది. 1940 మార్చిలో గుర్ఖా అనే మరో డిస్ట్రాయర్‌ను ఢీకొంది. అదే ఏడాది మే నెలలో జర్మన్ టార్పెడో బోటు కొట్టిన దెబ్బకు బాయిలర్ గది దగ్గర చీలిపోయింది, 27 మంది చనిపోయారు. ఓడ ఒక పక్కకు ఒరిగిపోయి, డెక్ అంచు నీళ్లను తాకుతోంది. బరువు తగ్గించడానికి చేతికందిన సామానంతా సముద్రంలో పారేశారు. 91 గంటలు తాళ్లతో లాక్కుంటూ ఇంగ్లండ్‌లోని టైన్ నదికి చేర్చారు. ఆ నావికుల మొండితనానికి నిజంగా దండం పెట్టాలి. కానీ రిపేర్లకే నెలలకు నెలలు పోయాయి. చివరికి గ్రీసు దీవి క్రీట్ దగ్గర, 1941 మే 23 ఉదయం జర్మన్ స్టూకా బాంబర్లు విరుచుకుపడ్డాయి. కెల్లీ పూర్తి వేగంతో మలుపు తిరుగుతూనే బోల్తా పడింది. దానితోపాటు కాశ్మీర్ అనే డిస్ట్రాయర్ కూడా మునిగింది. వచ్చిపడుతున్న బాంబుల మధ్యే కిప్లింగ్ అనే ఓడ రెండింటి నుంచి 279 మందిని కాపాడింది. ఆ రోజు పేరంటూ చెప్పాల్సింది కిప్లింగ్‌దే.

కొసాక్ లెక్క వేరు. 1940 ఫిబ్రవరి 16 రాత్రి, నార్వేలోని యోసింగ్‌ఫ్యోర్డ్ అనే ఇరుకు సముద్రపాయలో ఆల్ట్‌మార్క్ అనే జర్మన్ ఓడ మంచు మధ్య దాక్కుంది. గ్రాఫ్ స్పీ అనే జర్మన్ యుద్ధనౌక ముంచిన వాణిజ్య నౌకల సిబ్బంది దాని అడుగున బందీలుగా ఉన్నారు. నార్వే అప్పటికి తటస్థ దేశం. అయినా చర్చిల్ ఆదేశంతో కెప్టెన్ వియన్ కొసాక్‌ను దాని పక్కకు చేర్చాడు. నావికులు ఒక డెక్ మీద నుంచి ఇంకో డెక్ మీదికి దూకి, చేతులతో కలబడ్డారు. “నేవీ వచ్చేసింది” అన్న కేక కింద ఉన్నవాళ్లకు వినబడింది. 299 మంది బయటపడ్డారు, వాళ్లలో భారతీయ నావికులూ ఉన్నారు. తటస్థ జలాల్లోకి వెళ్లడం న్యాయమా అన్న ప్రశ్న ఇప్పటికీ ఉంది. ఆ 299 మందిని తలుచుకుంటే వెళ్లడమే సరైనదని నేనంటాను.

మరో రెండు నెలల్లో నార్వే రేవు నార్విక్ దగ్గర జరిగిన యుద్ధంలో కొసాక్ దెబ్బలు తిన్నా పోరాడింది. కెల్లీ మునిగిన నాలుగు రోజులకు బిస్మార్క్ అనే భారీ జర్మన్ యుద్ధనౌక మునిగింది. ముందు రాత్రంతా కొసాక్, దాని తోటి డిస్ట్రాయర్లు ఆ యుద్ధనౌకను వదలకుండా వెంటాడాయి. టార్పెడోలు తగిలాయన్న రుజువు లేదు. కానీ తెల్లారి పెద్ద నౌకలు వచ్చేదాకా జర్మన్లకు కంటిమీద కునుకు లేకుండా చేశాయి.

1941 అక్టోబరులో జలాంతర్గామి టార్పెడోకు కొసాక్ కూడా బలైంది, 159 మంది పోయారు. ట్రైబల్ తరగతి బ్రిటిష్ ఓడలు 16 ఉంటే 12 మునిగాయి. కె తరగతి ఎనిమిదిలో ఆరు. ఏ ఓడ ఎక్కినా ప్రాణానికి హామీ లేదు.

విశాఖ వాళ్లకు మాత్రం హెచ్ఎంఎస్ రోథర్‌హామ్ అనే మరో డిస్ట్రాయర్‌ను గుర్తు చేయాలి. యుద్ధంలో దానికి కెల్లీ, కొసాక్‌ల పేరు రాలేదు. 1949లో మన నేవీకి వచ్చి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అయింది. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు డెప్త్ చార్జీలు (నీటి లోతుల్లో పేలే బాంబులు) వేసింది అదే. లోపలి పేలుడే కారణమని పాకిస్తాన్ అంటుంది, మన నేవీ మాత్రం ఆ ఘనత రాజ్‌పుత్‌కే ఇస్తుంది.