చిత్రమా, నువ్వు నాకు నచ్చావా?

‘నువ్వు నాకు నచ్చావ్’, ‘చిత్రం’: రెండూ పాత సినిమాలే, రెండిట్లోనూ లోపాలున్నాయి, అయినా చూడబుద్ధేస్తుంది. ఆదివారం ఏది పెట్టాలి?

సమయం: ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) మూడు గంటలు దాటుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక పెడితే సాయంత్రం టీ దాకా సరిపోతుంది. ‘చిత్రం’ (2000) అంతకన్నా చిన్నది.

బలం: మొదటిదానికి త్రివిక్రమ్ మాటలే ప్రాణం. భోజనాల బల్ల దగ్గర ప్రకాశ్ రాజ్ కవిత వినిపించే చోటు ఎన్నిసార్లు చూసినా పేలుతుంది. కథ తెలిసినా నష్టం లేదు, మధ్యలో లేచెళ్ళి పకోడీలు వేసుకొచ్చినా సరే. ‘చిత్రం’లో తేజ తొలి దర్శకత్వపు దూకుడు, ఉదయ్ కిరణ్ అమాయకత్వం, ఆర్పీ పట్నాయక్ పాటలు. ఇక్కడ పాటలు దాటేశారంటే సగం సినిమా పోయినట్టే.

ఇబ్బంది: ‘చిత్రం’ కాలేజీ పిల్లల గర్భాన్ని మరీ తేలిగ్గా నడిపేస్తుంది. ఇంట్లో టీనేజర్లుంటే ప్రశ్నలొస్తాయి, జవాబులు సిద్ధం చేసుకోండి. ‘నువ్వు నాకు నచ్చావ్’లో పెద్దలకిచ్చిన మాట కోసం ప్రేమను దాచుకోవడం చివర్లో బాగా సాగుతుంది. అక్కడ ఫోన్ చూసుకున్నా తప్పులేదు.

అత్తామామలు, పిల్లలు అందరూ హాల్లో ఉంటే వెంకటేశ్ నటించిన ‘నువ్వు నాకు నచ్చావ్’. 2000 నాటి కాలేజీ మిత్రులు కలిస్తే ‘చిత్రం’.