తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఈ ఒక్క ఫైలు చూడండి

పోయిన నెల ఒక షాపులో (పేరెందుకులే) ఏడు వేలకి చిన్న ల్యాప్‌టాప్ తీసుకున్నా. ప్రాసెసర్ ఇంటెల్ సెలెరాన్ ఎన్2840, విండోస్ బదులు ఉబుంటు (ఒక రకం లైనక్స్) వేసిచ్చారు. అక్కడే గంటసేపు నొక్కి చూశా, ఎక్కడా ఆగలేదు.

మర్నాడు ఫుల్ ఛార్జింగ్‌తో చిత్తూరు బస్సెక్కా. ఒక పీడీఎఫ్ తెరిచి ఒళ్లో పెట్టుకున్నా, అంతే, ఇంకేం పని చెప్పలేదు దానికి. చంద్రగిరి దాటేసరికి తొడలకి సెగ, పూతలపట్టు రాకముందే స్క్రీన్ ఆరిపోయింది. బ్యాటరీ పాతదిలే అని సర్దుకుపోయేవాణ్ణే, కానీ రాత్రి పవర్‌టాప్ (కరెంటు వాడకం చూపించే ప్రోగ్రామ్) పెట్టి చూస్తే ఐడిల్ లెక్కల్లో, అంటే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు పోయే నిద్ర స్థాయిల్లో, సీ1 ఒక్కటే కనిపిస్తోంది, సీ6, సీ7 ఊసే లేదు. అనుమానమొచ్చి ప్రాక్ ఫోల్డర్‌లో సీఎమ్‌డీలైన్ ఫైలు (/proc/cmdline, ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌కి ఇచ్చిన సెట్టింగులు ఇందులో ఉంటాయి) తెరిస్తే అక్కడ దొరికింది దొంగ: ఇంటెల్ ఐడిల్ మ్యాక్స్ సీస్టేట్ 1 (intel_idle.max_cstate=1).

పని లేనప్పుడు కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్) ప్రాసెసర్‌ని పడుకోబెడుతుంది. సీ1 అంటే కూర్చుని తీసే కునుకు, పిలవగానే లేస్తుంది, మిగిలే కరెంటూ తక్కువే. సీ6, సీ7 గాఢనిద్ర, అక్కడ ప్రాసెసర్ కోర్‌కి కరెంటే దాదాపు కట్ అవుతుంది, లేవడానికి కాస్త టైం పడుతుంది. ఈ సెట్టింగ్ పెడితే కునుకు దాటి పోనివ్వదు, అందుకే ఆ వేడి.

సరే అని ఆ సెట్టింగ్ తీసేసి రీస్టార్ట్ చేశా. వేడి తగ్గింది, అబ్బా అనుకునేలోపే గడియారం 9:42 దగ్గర నిలబడిపోయింది, మౌస్ కదల్లేదు, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప గతి లేదు. ఆ రాత్రి మూడుసార్లు ఇదే వరస. ఈ ఎన్2840 లాంటి బే ట్రయల్ రకం చిప్పులు లైనక్స్‌లో గాఢనిద్రకి పోయి బిగుసుకుపోవడం 2015 నాటికే అందరూ మొత్తుకున్న జబ్బు, ఆ సెట్టింగ్ దానికి అప్పట్లో వాడిన చిట్కానే. చిట్కా వాడడం తప్పు కాదు, చెప్పకుండా అమ్మడమే నా కడుపుమంట. షాపువాణ్ణి అడిగితే "అది కంపెనీ సెట్టింగ్ అన్నా" అన్నాడు, వాపసు తీసుకోలేదు.

కాబట్టి షాపులోనే ఆ ఫైలు తెరవండి, మ్యాక్స్ సీస్టేట్ (max_cstate) అనో ఐడిల్ పోల్ (idle=poll, ఇది కునుకు కూడా తియ్యనివ్వదు) అనో కనిపిస్తే ఎందుకు పెట్టావని నిలదీయండి. మీ సొంత ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఛార్జర్ పీకి, ముట్టుకోకుండా అరగంట వదిలేయండి, బిగుసుకుపోయే జబ్బుంటే ఖాళీగా ఉన్నప్పుడే బయటపడేది. నేను గంటసేపు నొక్కుతూ కూర్చున్నా, దాన్ని ఖాళీగా వదలనే లేదు.